రెండు రాత్రులు తక్కువ

ఒక కార్డు పొద్దున్నే ఊరికే టిఫిన్ పెడుతుంది,
ఇంకోటి సాయంత్రం నాలుగు దాకా గది ఖాళీ చెయ్యమనదు.
లిఫ్టు తాళ్లు అమ్మే హెన్రికె
హానోవర్ రైల్లో రెంటినీ తూచింది,
కంసాలి త్రాసంత నిక్కచ్చిగా.

గోల్డు మెట్టు ఎక్కాలంటే యాభై రాత్రులు.
లెక్క నలభై ఎనిమిది దగ్గర ఆగింది.
డిసెంబరు ఆగలేదు.

అందుకని బ్రేమెన్‌లోనే, తన ఇంటికెదురుగా,
తొమ్మిదో అంతస్తులో గది తీసుకుంది.

తెర జరిపితే
అవతల తన వంటింట్లో లైటు.
యోస్ట్ గిన్నె తోముతున్నాడు.
ఒకటే గిన్నె,
చాలాసేపు.

చెయ్యి ఊపింది.
అద్దంలో ఎవరో తిరిగి ఊపారు.

పరుపు మీద ఫోను వెలిగింది:
"మీ విశ్వాసానికి కృతజ్ఞతలు.
ఇంకొక్క రాత్రి మాత్రమే."