కుడి చెవి రాయి

ఆదివారం పొద్దున రామ్‌నగర్ చేపల మార్కెట్లో
తలకాయలు మాత్రమే అడిగేది నేనొక్కదాన్నే.
"నడుము ముక్క వద్దా? గీ తలలేం జేస్కుంటవ్?"
గంగామణి ప్రతివారం అడుగుతుంది,
ప్రతివారం కత్తిపీట పక్కన దాచిన
కొరమీను తల, జెల్ల తల,
కాకినాడ మంచుపెట్టెలో వచ్చిన గొరక తల
కవర్లో వేసి సగం డబ్బులే తీసుకుంటుంది.

ఇంట్లో ఉడకబెడతాను.
పక్క ఫ్లాటు పిల్లి వచ్చి గడపలో కూర్చుంటుంది.
పుర్రె విప్పితే మెదడు కింద
అటొకటి ఇటొకటి తెల్లరాళ్లు.
రోజుకో పొర చొప్పున
చేప తనే కట్టుకున్న చెవి.
కడిగి, ఆరబెట్టి, డబ్బా మీద రాస్తాను:
పేరు, పొడవు, కుడి, ఎడమ.
ఇవి సాక్షులు.
విచారణ సోమవారం.

వికారాబాద్ దాటాక తవ్వి తెచ్చిన మట్టిని
తాహెరా మేడం మూడు నెలలుగా జల్లెడ పడుతోంది.
గోనెసంచికి ఒక్క రాయి, నువ్వుగింజంత.
ముల్లు లేదు, పొలుసు లేదు,
ఈదిన నీళ్లు లేవు.
ఆ నీళ్లమీద పారిన నిప్పు
నల్లరేగడై ఇప్పుడు పత్తి కాస్తోంది.
విన్న చోటు మాత్రం మిగిలింది.

తడి కుంచె వెంట్రుకతో తిప్పుతాను.
రాతి నడుమ సన్నటి కాలువ, అదే ఇంటిపేరు.
తోకవైపు కొక్కెంలా వంగితే గొరక వంశం.
ఇది వంగలేదు.
జెల్లదైతే పప్పుబద్దలా ఉండాలి.
కొరమీనా? అంచు దగ్గర కొంచెం, కొంచెమే.
"కొంచెం పోలితే చుట్టం అయిపోదు" అంటుంది మేడం,
"నా ముక్కు మా ఇంటి ఓనర్ ముక్కే."

పోయిన చలికాలం మంచం దిగబోతే
గోడలు గిర్రున తిరిగాయి.
డాక్టరు నా తల ఒక పక్కకు వాల్చి పట్టుకుని
చెవిలో రాళ్లు చోటు తప్పాయన్నాడు.
ముందు నవ్వొచ్చింది. భయం తర్వాత.

వలయాలు ఐదు.
నాలుగోది మరీ సన్నం:
ఆ ఏడు తిండి లేదో, నీరు ఇంకిందో.
ఐదోది మళ్లీ వెడల్పు.
అంటే తట్టుకుంది.
నోట్‌బుక్కులో రాశాను:
కుడి చెవి. ఐదేళ్లు.
పేరు గడిలో పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు.

మళ్లీ ఆదివారం ఫోన్లో ఫోటో చూపించాను.
గంగామణి పొలుసుల చెయ్యి చీరకు తుడుచుకుని
కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.
"గిది నా గంపల ఎన్నడు రాలే.
వస్తే తల నీకే దాస్త తియ్."