పొడుగు చూసి

ఆమదాలవలస నుంచి ఆటో కట్టించుకుని
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు సీపీయూని అసిరినాయుడు,
పాత తువ్వాలు చుట్టి,
జొరమొచ్చిన గుంటణ్ణి తెచ్చినట్టు.
"ఏటో మోగతంది బావూ లోపల.
మా అప్పన్న తాత జముకు రికార్డు సేస్తే
జముకు కింద ఇంకో జముకు."

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ వెనక సందు,
మెట్ల కింద నా కొట్టు.
చెయ్యి ముందు ఇనప బీరువాకి ఆనించి
ఒంట్లో కరెంటు దింపుకుని
పక్క రేకు విప్పాను.

ముందు తవుడు.
వాళ్ళ స్టూడియో రైస్ మిల్లు పక్కనేనట.
బ్రష్షుతో తోస్తుంటే
పొలంలో గట్లు తేలినట్టు
స్లాట్లు తేలాయి ఒక్కొక్కటీ.

ప్రాసెసరు పక్కనున్న పొడుగుది ఖాళీ.
గ్రాఫిక్స్ కార్డేమో కింది పొడుగు దాంట్లో.
దాని ఫ్యాను మూతి కిందే, వేడి ఊపిరి తగిలేంత దగ్గర్లో
సౌండు కార్డు.

ఎవడు బిగించాడయ్యా ఇలా, అనబోయి
ఆగిపోయాను.
స్క్రూల్లో ఒకటి ఇత్తడిది.
ఆ రోజు ఒకటి తక్కువైతే
మా అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి
నేనే తీసి బిగించినది.

ఎనిమిదేళ్ళ కిందట, రథసప్తమి రాత్రి.
అరసవల్లి వెళ్ళే జనం చప్పుడు సందులోకి వస్తోంది.
కొట్టు తెరిచి నెల.
పొడుగున్నవన్నీ ఒకటే అనుకునే రోజులు.
టార్చి వేసి లోపలికి చూడాలని
అప్పటికి నాకెవరూ చెప్పలేదు:
పై స్లాటుకి ఈ చివర్నించి ఆ చివరికి బంగారు పళ్ళు,
కిందిదానికి ముందర కొన్నే,
తర్వాతంతా బోసి నోరు.

పదహారు దారుల్లో పరిగెత్తాల్సిన కార్డుని
నాలుగు దారుల్లోకి తోశాను.
నడిచింది.
ఆగిపోయినా బాగుండేది, అప్పుడే తెలిసేది.
ఒక్కో పెళ్ళి వీడియోకీ
తెల్లార్లూ పీట మీద కూర్చునేవాడట ఈయన,
మిషన్లంటే అంతేననుకుని.

కొక్కెం నొక్కి గ్రాఫిక్స్ కార్డు పైకి లేపాను.
బంగారు అంచుని రబ్బరుతో తుడిచి
పై స్లాటులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే
టక్ మంది.
సౌండు కార్డుని అట్టడుగునే ఉండనిచ్చాను,
ఇప్పుడు దానికీ ఫ్యానుకీ మధ్య గాలి ఉంది.
వెనక తెరుచుకున్న సందుకి రేకు మూత,
తవుడు రాకుండా.

మైకు దగ్గర చిటికె వేయమన్నాను.
వేశాడు.
స్పీకర్లో చిటికె ఒక్కటే వినిపించింది.

"పాత రికార్డులో మోత మాత్రం పోదు నాయుడుగారూ.
తాత మళ్ళీ వాయిస్తాడా?"
"ఆడికేటి, సుట్ట ఒకటిస్తే
వద్దన్నా ఆపడు."

"ఎంతియ్యాల?"
"వద్దు."
"ఏల?"
డబ్బులొద్దంటే ఇక్కడ మనుషులు అనుమానపడతారు,
పడాలి కూడా.
ఇత్తడి స్క్రూ అరచేతిలో పెట్టి చూపించాను.
"ఇది మా అమ్మ మిషనుది."

స్క్రూని చూశాడు, నన్ను చూశాడు,
ఖాళీ అయిన కింది స్లాటుని
వంగి చాలాసేపు చూశాడు.
"అవతే నువ్వే బాకీ నాకు.
రాత్రులు మెలకువ కోసం తాగిన టీలన్నీ లెక్కెయ్యి."

సందు చివరికి కేకేశాను, రెండు టీ అని.
"మూడు," అన్నాడు,
"ఆటోవోడు ఎండలో ఉన్నాడు."