తొంభై తొమ్మిదో తెర

ఉప్పుగాలికి బోర్డు చిలుమెక్కి
పోర్టు ఆఫీసులో పాత కంప్యూటర్ పోయింది.
అందులోని జావా ప్రోగ్రాముని
కింది అంతస్తు ఏసీ గదిలో సర్వర్‌కి మార్చాం.
తెల్లవారుజామున నాలుగింటికి
ఏ ఓడ ఏ బెర్తులో ఆగాలో
రంగు పలకలుగా బొమ్మ గీసే ప్రోగ్రాము అది.

మొదటి రోజే కూలబడింది.
కిటికీ తెరుద్దామంటే గోడే లేదంది.
తల లేని యంత్రమని ఫిర్యాదు.
నిజమే, మానిటర్ లేదు, మౌస్ లేదు,
ఉన్నదల్లా ఫ్యాన్ల హోరు.

ఉత్తుత్తి తెర ఒకటి కట్టాను దానికి.
మెమరీలో మాత్రమే ఉండే తెర,
వెయ్యి ఇరవై నాలుగు చుక్కల వెడల్పు,
నంబరు తొంభై తొమ్మిది.
నమ్మేసింది, పిచ్చిది.

అయినా కాగితం రాలేదు.
లాగ్ ఫైలు నోరు మెదపలేదు.
మూడో రాత్రి, గాజువాక ఆఖరి బస్సు వదులుకుని,
ఎవరూ చూడని ఆ తెరకి ఫొటో తీశాను.

ఓడలున్నాయి. పేర్లు లేవు.
తెలుగు ఫాంటు ఎక్కించడం మరిచాను.
అక్షరాల చోట వరసగా డబ్బాలు,
సరుకు దించేశాక యార్డులో మిగిలిన కంటైనర్లలా.
వాటి మీద నట్టనడుమ చిన్న చదరం:
ఒక ప్రశ్న, రెండు మీటలు.
అదీ డబ్బాల భాషలోనే.
పాత కోడు తిరగేస్తే తెలిసింది,
"ముద్రించనా?" అని
మూడు రోజులుగా అడుగుతోంది.

ఇన్నాళ్లూ నొక్కిందెవరు?
కంచరపాలెం ఫోన్ చేశాను.
కిందటి నెల రిటైరైన పైడిరాజు గారు
రెండో రింగుకే ఎత్తారు.
నైట్ డ్యూటీ నిద్ర ఇంకా దారికి రాలేదట.
"నానేనమ్మా. పద్నాలుగేళ్లు."

జావాలో రోబో అని ఒకటుంది,
అది నొక్కేస్తుంది లెండి అన్నాను.

"నొక్కుతాది, సరే. సూస్తాదా?
ఓపాలి ఒకే బెర్తుకాడ రెండోడలు గీసీసింది.
ఒద్దని నొక్కినాను.
నేకపోతే ఆ రోజేటయ్యీదో."

చాలాసేపు ఆ ఫైలు తెరవలేదు.
ఫిషింగ్ హార్బర్ వైపు బోట్ల ఇంజన్లు
ఒక్కొక్కటే దగ్గుకుంటూ లేస్తున్నాయి.

పలక మీదికి పలక ఎక్కితే ఆగిపొమ్మని
నాలుగు లైన్లు రాశాను.
వాటికి పైడిరాజు అని పేరు పెట్టాను.
రివ్యూలో మార్చమంటారు, తెలుసు.

నాలుగయింది.
తొంభై తొమ్మిదో తెర మీద
నీలం, ఆకుపచ్చ, పసుపు ఓడలు
పేర్లతో సహా బెర్తుల్లో ఒదిగాయి.
పైన ప్రింటరు కదిలిన చప్పుడు.

ఇంకో ఫొటో తీశాను.
అవసరం లేదు. అయినా.