మేడమీది మూర్తి

ఏడో పేజీలో, రైతుబజారు ధరల పక్కన
నాలుగు వాక్యాల్లో పోయాడు మా మూర్తి.

పేపరువాళ్ళకి అతను మూర్తి అని తెలియదు.
సయ్యద్ మోర్తెజా తఫ్రెషీ, ఇరాన్ మాజీ మంత్రి,
కొన్నాళ్ళు సభాపతి,
రెండుసార్లు అధ్యక్ష పదవికి నిలబడి ఓడినవాడు,
"కరుడుగట్టిన సంప్రదాయవాది" అన్నారు.
బ్రాడీపేట నాలుగో లైనులో, ఏడో అడ్డరోడ్డులో
మేడమీది గదికి నెలకి పద్దెనిమిది రూపాయలిచ్చి
ఏసీ కాలేజీలో బీయస్సీ చదివాడని
ఎవరు రాస్తారు?

మోర్తెజా అనడానికి అమ్మకి నోరు తిరగలేదు.
మూర్తీ అంది.
"అమ్మగారూ, మా మతంలో మూర్తులుండవు"
అన్నాడు వచ్చీరాని తెలుగులో, చెవులు ఎర్రబడి.
"నువ్వున్నావుగా, చాల్లే" అంది అమ్మ.

ఆవిడ మడి ఆవిడది, అతని నిష్ఠ అతనిది.
పిట్టగోడ మీద అతని గ్లాసు వేరే.
అమ్మ ఎత్తి పోసిన మజ్జిగ తాగి
తనే కడిగి బోర్లించి పోయేవాడు.
పండగనాటి పులిహోర ముట్టేవాడు కాదు,
దేవుడికి పెట్టిందేమోనని.
"పట్టింపున్న పిల్లాడు" అని మురిసేది అమ్మ.
ఆ గోడకే చెరోవైపూ మోచేతులానించి
లోకం ఎలా చెడిపోతోందో
గంటలు గంటలు చెప్పుకునేవాళ్ళు.
తామిద్దరూ చూడని సినిమాలని కూడా తిట్టేవాళ్ళు.
మిర్చి గోడౌన్ల వైపు నుంచి గాలి తిరిగితే
ఇద్దరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు.

నెలకి మూడురోజులు నేను పెరటి వసారాలో.
చాప, చెంబు. పుస్తకాలు ముట్టుకోకూడదు.
నెత్తిమీద ఎస్సెల్సీ పరీక్షలు.
మెట్లమీద నిలబడి, మొహం గోడవైపు తిప్పుకుని,
త్రికోణమితి లెక్క చేసిన కాగితం
గులకరాయికి చుట్టి విసిరేవాడు.
అటు చూస్తూ ఇటు విసిరినా
గురి తప్పేది కాదు.

ఒకసారి నా పేరు కుడినుంచి ఎడమకి రాసి పంపాడు.
కింద తెలుగులో, కాకికాళ్ళ అక్షరాలు:
"వకుళ, వకీలు, మా రాతలో ఇరుగుపొరుగు.
మా ఊళ్ళో వకీలంటే సభలో కూర్చునే మనిషి కూడా.
నువ్వు కాలేజీకి వెళ్ళు."
గోడ దగ్గర అమ్మతో ఏం వాదించాడో వినపడలేదు.
జూన్‌లో నన్ను ఉమెన్స్ కాలేజీలో చేర్చారు.
ముప్పైనాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

అతను వెళ్ళాక అక్కడ ఒక రాజ్యం కూలింది.
జైలంట, తర్వాత కుర్చీ అంట.
వకీలయ్యాడు.
ఒకరోజు లేచి నిలబడి ఒక బిల్లు చదివాడు:
ఆడపిల్లలకి ఫలానా ఫలానా చదువులు తగవు.

నేను ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో, మర్యాద లేకుండా.
సంతకం మాత్రం కుడినుంచి ఎడమకి.

ఎనిమిది నెలలకి జవాబు. సర్కారు ముద్ర,
దళసరి కాగితం, ఒకే ఒక్క వాక్యం:
"అమ్మగారి మడి ఇంకా అలాగే ఉందా?"

ఎత్తిపొడుపో, బెంగో, తప్పించుకోవడమో.
అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు.
చివరి వారం పెద్దాసుపత్రిలో
ఎవరి చేతి నీళ్ళు తాగిందో నాకు తెలుసు.
అతనికి రాయలేదు.
రాస్తే అమ్మ ఓడినట్టుంటుందని
నాకెందుకనిపించిందో!

"కరుడుగట్టిన" దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
పెరడున్నచోట ఇప్పుడు ఎవరివో స్కూటర్లు.
పిట్టగోడ ఎప్పుడు కొట్టేశారో గుర్తులేదు.
ట్రంకుపెట్టెలో అడుగున
ముడతలు పోని కాగితాలు పదకొండున్నాయి.
కాగితాలే దాచుకున్నాను.
రాళ్ళు ఎప్పటికప్పుడు పారేశాను.