నైట్రోజన్ డ్యూటీ

వెలగలేరు దాటాక ఎడమ చేతి వైపు
మామిడి తోటల్లోంచి ఒక పెద్ద గొట్టం కనపడుతుందే,
ఏనాడూ పొగ వదలంది,
దాని కింద నా డ్యూటీ.

టర్బైను కాకినాడలో ఓడ దిగి
నూటా ఇరవై చక్రాల బండి మీద
పంతొమ్మిది రోజులు నడిచొచ్చింది.
హనుమాన్ జంక్షన్లో కరెంటు తీగల్ని
వెదురు గడలతో ఎత్తి పట్టుకున్నాం.
మైలవరం మలుపులో ఒక టీ కొట్టు రేకులు విప్పి
బండి దాటాక మళ్ళీ బిగించిచ్చాం.
నూటా ఇరవై చక్రాలకు నాలుగే నిమ్మకాయలు పెట్టారు,
అక్కడే తేడా కొట్టిందంటాడు
క్రేను బుడే సాహెబ్, ఇప్పటికీ.

సముద్రం అడుగున ఉందన్న గ్యాసు
మొదట కాగితాల్లో ఉంది.
తర్వాత కాగితాల్లోనే తగ్గింది.
ఆ తర్వాత కాగితాలే రాలేదు.
పైపు మాత్రం వచ్చింది, మా గేటు దాకా వచ్చి
చెప్పులు విప్పని చుట్టంలా
పసుపు మూత పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.

ఇంజనీర్లు ఒక్కొక్కరే క్వార్టర్సు ఖాళీ చేశారు.
మిగిలింది నేనూ, నా గుంటూరు పాలిటెక్నిక్ డిప్లొమా,
మెషిను పొట్టలో తుప్పు పట్టకుండా నింపిన నైట్రోజనూ.
పూటకోసారి గేజీ చూడాలి.
రిజిస్టర్లో అంకె వేసి సంతకం పెట్టాలి.
మంగళవారం మంగళవారం
నేనూ బుడే సాహెబూ కలిసి
షాఫ్టుని సగం చుట్టు తిప్పాలి.
తిప్పకపోతే తన బరువుకి తనే వంగిపోతుందట.
"ఉక్కేగా?" అంది మా ఆవిడ.
ఉక్కే. ఊరికే పడుకుంటే
ఉక్కుకైనా నడుం పడిపోతుంది.
ఆ మాట తను దాచిపెట్టుకుని
జీతం ఆలస్యమైన నెలల్లో నాకే అప్పజెప్పేది.

ఒక ఏప్రిల్లో లైన్‌మాన్ దానియేలు
నిచ్చెనేసుకుని వచ్చి, తల దించుకుని,
బిల్లు బకాయి అని ఫ్యూజులు పీక్కెళ్ళాడు.
మూడొందల అరవై మెగావాట్లని రాసున్న బోర్డు వెనక
కొవ్వొత్తి వెలుగులో రాశాను:
ప్రెషరు సరిగా ఉంది.
ఆ రాత్రి నిద్ర పట్టక గొట్టం సగం దాకా ఎక్కాను.
దూరాన ఇబ్రహీంపట్నం థర్మల్ దీపాలు.
పక్కింట్లో పెళ్ళి భోజనాలు జరుగుతుంటే
గోడ మీంచి చూసినట్టుంది.

చెన్నుబోయిన వీరరాఘవమ్మ
ఈ టర్బైను హాలు కింద రెండెకరాలిచ్చింది.
గోడ కన్నంలోంచి గేదెల్ని తోలుకొస్తుంది, నేను చూడను.
కూలింగ్ టవర్ తొట్టిలో వాన నీళ్ళు నిలిచి
కొరమీనులు పడ్డాయి.
వాటిని గాలం వేసి పడుతూ అడుగుతుంది
"ఏరా అబ్బాయ్, వచ్చిందా?"
"ఇంకా రాలేదు పిన్నీ."
"నా పొలంలో మిరప నారు పోసుంటే
ఈపాటికి పన్నెండు కోతలు."
లెక్క నాక్కూడా వచ్చు.
అయినా రెండు చేపలు తీసుకుంటాను.

మొన్న చెన్నై నుంచి ఇద్దరొచ్చారు.
ఒకడు మెషిన్ని రూపాయి బిళ్ళతో తట్టి విన్నాడు.
ఇంకొకడు టన్నుల్లో రాసుకున్నాడు,
మెగావాట్లన్న మాట వాడి నోట రాలేదు.
వాల్వు నన్నే తెరవమన్నారు.

బుస్సున మొదలైంది.
రేకుల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.
పన్నెండేళ్ళలో ఆ మెషిను చేసిన శబ్దం
అదొక్కటే.
గేజీ ముల్లు తీరిగ్గా దిగుతుంటే
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.

కన్నం దగ్గర వీరరాఘవమ్మ నిలబడి
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.
"వాసనేం రాదేంరా?"
"రాదు పిన్నీ. ఇది మనం పీల్చే గాలిలోదే."
"ఓసి. ఇంతోటి దానికా?"

పదకొండు గంటల నలభై నిమిషాలు.
ప్రెషరు: సున్నా.
సంతకం పెట్టాను.
డ్యూటీ అప్పగించినది అన్న గడిలో నా పేరు రాసి
అందుకున్నది అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.