తొమ్మిదో ప్రశ్న

ఆదివారం రాత్రి బండి కదులుతుంటే
సన్యాసప్పడు తలుపు పక్కన పరుగెత్తుతూ
ఇంకో మూడు అర్జీలు నా చేతిలో పెట్టాడు.
ఎడమకాలి చెప్పు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

సంచిలో అప్పటికే ఒక గుడ్డముక్క ఉంది.
పాత దుప్పటి అంచు, ఒకప్పుడు తెల్లది.
జ్ఞానాపురం మరియరత్నం కిటికీ తుడిచిన గుడ్డ.
"పొద్దున్న తుడిసినాను తల్లీ, సాయంత్రానికి మళ్లీ ఇదీ సంగతి.
రేవులో బొగ్గు దించుతారు, మా అన్నంలో తేలతాది.
నువ్వు సెప్తే నమ్మరు గానీ, ఇది సూపించు."
నలుపు లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టింది,
చర్చికి కట్టుకెళ్లే చీర మడిచినట్టు.

దువ్వాడ దాటింది. అనకాపల్లి దాటింది.
పై బెర్తులో ఎవరో గురక.
సెల్‌ఫోను వెలుతురులో అనుబంధ ప్రశ్నలు మూడు రాసుకున్నాను,
మూడోది కొట్టేసి మళ్లీ రాశాను.

సోమవారం.
నక్షత్రం గుర్తున్న ప్రశ్న నాది, వరసలో తొమ్మిదోది.
నాలుగోదాని దగ్గర ఒకరు ఇంకొకరిని ఏదో అన్నారు.
ఆ మాట రికార్డుల్లోంచి తీసేశారు.
తీసేసిన మాట గురించి ఇరవై నిమిషాలు అరుచుకున్నాం.
గంట అయిపోయింది.
మిగతా ప్రశ్నలకు జవాబులు సభ ముందు ఉంచినట్టుగా
భావించడమైనది.

ఎవరు భావించారు?
పదిహేడేళ్లు మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని,
కర్త లేని వాక్యానికి అర మార్కు కోసినదాన్ని.

అచ్చయిన జవాబు బల్ల మీద దొరికింది:
(ఎ) లేదండి.
(బి) ప్రశ్న ఉత్పన్నం కాదు.

మంగళ, బుధవారాలు పద్దులు.
అనుకూలురు అవునండి, వ్యతిరేకులు కాదండి,
అవునన్నవారిదే గెలుపు.
మధ్యలో ఫోను వణుకుతూనే ఉంది:
కంచరపాలెంలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది,
పూర్ణా మార్కెట్ వెనక కాలువ పొంగింది,
ఎవరి మనవరాలికో ఓణీల ఫంక్షను, నేను రాకపోతే ముక్క కొయ్యరట.
ఎవరి ఫోనైనా ఎత్తి, గొంతు తగ్గించి,
"సభలో ఉన్నానండీ" అంటాను.
ఆ మాట అనడానికే వారమంతా ఇక్కడున్నానేమో అనిపిస్తుంది.

గురువారం లాబీలో మంత్రిగారు దొరికారు, టీ తాగుతూ.
సంచిలో చెయ్యి పెట్టాను.
మడత విడిపోయినట్టుంది, వేళ్లకు మెత్తగా తగిలింది.
"ఒక లెటరు పెట్టండమ్మా" అన్నారు, మంచిగానే,
బిస్కెట్టు నా వైపు జరిపి.
గుడ్డ బయటికి రాలేదు.
ఎందుకు తియ్యలేదో ఇప్పటికీ నాకే సరిగ్గా తెలీదు.
ఆయన తెల్ల చొక్కా చూసి మొహమాటపడ్డానా?

సంతకం పెట్టేటప్పుడు చూసుకున్నాను,
హాజరు పుస్తకంలో నా పేరు పక్కన
నల్లటి బొటనవేలి గుర్తు.
జ్ఞానాపురం కిటికీ సభ కాగితాల్లోకి ఎక్కింది అంతవరకే.
దాన్ని తొలగించమని ఎవరూ లేవలేదు.

శనివారం, ఆఫీసు వరండా.
సన్యాసప్పడికి కొత్త చెప్పులు, కిర్రుమంటున్నాయి.
వరసలో మూడో మనిషి మరియరత్నం.
"సూపించినావేటి?"
జవాబు కాగితం చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.
"ఉత్పన్నం అంతే ఏటమ్మా?"
"పుట్టడం."
"పుట్టలేదంతన్నారా, అయితే?"
నా బల్ల అద్దం మీద చూపుడువేలితో ఒక గీత గీసి
ఆ వేలిని చాలాసేపు చూసుకుంది.
నాకు చూపించలేదు.

గుడ్డ తిరిగి అడిగింది.
"మంచి నూలు. ఉతికితే ఇంకా పనికొస్తాది.
మళ్లీ ఎప్పుడెల్తావు?"
"రేపు రాత్రి బండికి."
"అయితే రేపు సాయంత్రం దాకా తుడవను" అంది.

తర్వాతెవరని సన్యాసప్పడు కేకేశాడు.