జ్ఞ రాని రాత్రి

పాతదానికి కాలం చెల్లిందని
మొదట చెప్పింది జీఎస్టీ సైటు.
తెరుచుకోనంది. నేనేం చేస్తాను,
ఆదివారం మధ్యాహ్నం అన్నం తినొచ్చి
"సరే" అన్న బొత్తాం నొక్కాను.
ముప్పై ఏడు శాతం దగ్గర
శంకర్‌విలాస్ సెంటర్లో ఆటోలా
ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది.
మధ్యలో ఒక కరెంటు కోత.
ఇన్వర్టరు కూతపెడుతుంటే
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

సోమవారం పొద్దునకి తెర నున్నగా
క్షవరం చేయించుకొచ్చినట్టుంది.
తెలుగు మాత్రం లేదు.
పద్దెనిమిదేళ్ళ ఫైళ్ళు,
ఓణీల ఫంక్షన్లు, వార్డు ఎన్నికల కరపత్రాలు,
పొగాకు బేళ్ళ లేబుళ్ళు,
ఆరో తరగతి యూనిట్ టెస్టులు,
అన్నీ చుక్కలూ డాలర్లూ తలకిందుల ప్రశ్నార్థకాలూ.
ఉమ్మెత్తకాయ తిన్నవాడి పలవరింత.

అక్షరాల కంపెనీ ఇచ్చిన తాళంచెవి
వెనకాల గుచ్చుకునే ఉంది,
బొటనవేలంత నీలం ముక్క.
నజీమున్ గొలుసు కుదువపెట్టి కొన్నది.
దాని దీపం వెలుగుతూనే ఉంది పాపం,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

హైదరాబాదుకి ఫోన్ చేశాను.
పదకొండు నిమిషాలు సన్నాయి మోగింది.
"మీ వెర్షన్ పాతది సార్."
"మీరే అమ్మారు కదమ్మా."
"కొత్తది తీసుకోండి సార్."
"కొత్తది దీన్లో నడుస్తుందా?"
"ఇంకా టెస్టింగ్‌లో ఉంది సార్."
రెండో నంబరు వాడుకలో లేదు.
కిటికీల వాళ్ళు అక్షరాల వాళ్ళని అడగమన్నారు,
అక్షరాల వాళ్ళు కిటికీల వాళ్ళని.
నడుమ నేను, అరండల్‌పేట నాలుగో లైన్లో,
రెండు గడపల మధ్య ఒంటి చెప్పులా.

సాయంత్రం ఏడింటికి దైవకృప వచ్చాడు,
ఆర్టీసీ ఖాకీ ఇంకా విప్పలేదు.
బుధవారం వాళ్ళమ్మ జ్ఞాపకార్థ కూడిక,
రెండొందల కార్డులు.
టిక్కెట్టు వెనక పేరు రాసిచ్చాడు: జ్ఞానమ్మ.
"ఫోటోలో కాస్త తెల్లగా రావాలి మస్తాన్ భాయ్."

ఊరికే దొరికే ఫాంటొకటి దింపాను.
న వచ్చింది. మ్మ వచ్చింది.
జ్ఞ దగ్గర మాత్రం
జ ఓ పక్క, ఞ ఓ పక్క,
తగువుపడ్డ తోడికోడళ్ళలా నిలబడ్డాయి.
ఆ ఒక్క అక్షరం ఎన్నిచోట్ల కాపలా కాస్తోందో
ఆ రాత్రే లెక్కేశాను.
కృతజ్ఞత. ప్రతిజ్ఞ. అజ్ఞానం. విజ్ఞప్తి.
విజ్ఞప్తి!
కంపెనీకి పెట్టుకుందామన్నా
రాసుకోలేని గతి.

పక్క షాపు కోటిరత్నం గారు
"ముట్టుకోవద్దని ముందే చెప్పలా" అంది.
ఆవిడ మిషను ఇంకా పాతదే,
నెట్టు తీగ పీకేసి
బాలింతని గాలి తగలకుండా ఉంచినట్టు ఉంచింది.
అడుగుదామనుకునేలోపు
ఎనిమిదింటికే షట్టరు దించేసింది.

పదకొండు దాటాక తెల్లకాగితం తీశాను.
అక్షరాలమ్ముకు బతికేవాణ్ణి,
ఇన్నేళ్ళుగా చేత్తో రాసింది
చెక్కుమీద సంతకమే.
స్కెచ్ పెన్ను వణికింది.
జ ఒంపు తిరిగింది, కింద వత్తు
మూడోసారికి కుదిరింది, కాస్త కుడికి ఒరిగి.
స్కానరు కొత్త కిటికీని గుర్తుపట్టనంది.
ఫోనుతో ఫోటో తీసి, అంచులు కోసి,
రెండు చోట్లా అతికించాను.

పొద్దున దైవకృప
కార్డుని వెలుగుకి పట్టి చూశాడు, చాలాసేపు.
అక్షరం సంగతి అడుగుతాడని
జవాబు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.
"అమ్మ ఇంకా నల్లగానే ఉంది భాయ్,"
అన్నాడు. యాభై తగ్గించి ఇచ్చాడు.

అతను వెళ్ళాక
ఆ ఒరిగిన జ్ఞని విడిగా దాచుకున్నాను.
రేపు ఎవరింట్లోనైనా
యజ్ఞమో విజ్ఞానప్రదర్శనో ఉండకపోదు.
తెర మూలన చిన్న పలకరింపు:
కొత్త మార్పులు సిద్ధం, మొదలుపెట్టనా?
తర్వాత, అన్నాను.
ఎప్పుడని అడిగింది.
లేచి, టేబిలు కింద దూరి,
నెట్టు తీగ కోసం తడిమాను.